ఆపా చేతికి సరిపోయే లైటు

ఆపా కుడిచేతి బొటనవేలి సంగతి నాకు స్విమ్మింగ్ పూల్ అడుగున తెలిసింది.

అప్పటికే మాది కొన్నేళ్ల స్నేహం. నా ఇల్లు మౌలాలిలో. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. ఆమెకు రెజిమెంటల్ బజార్‌లో టైలరింగ్ దుకాణం ఉంది. పెళ్లి జాకెట్లు, నిఖాకు వేసుకునే ఖడా దుపట్టాలు కుట్టడంలో ఆమెకు పేరు. నాకంటే రెండేళ్లు పెద్దది, అందుకే ఆపా అని పిలుస్తాను. ఆమె నన్ను చెల్లే అంటుంది. నడుం నొప్పికి ఈత మంచిదని మా డాక్టరు నన్ను పంపితే, మోకాళ్ల కోసం వాళ్ల డాక్టరు ఆమెను పంపాడు. సికింద్రాబాద్‌లో పొద్దున పూట ఆడవాళ్లకు విడిగా సమయం ఇచ్చే పూల్ అది. ఇద్దరం యాభై దాటి ఈత నేర్చుకున్నాం. నీళ్లలో కాళ్లు ఆడించడం రాక గోడ పట్టుకుని వేలాడుతూ మొదటిసారి మాట్లాడుకున్నాం.

స్కూబా ఆలోచన ఆమెదే. అదే పూల్‌లో ఒక కుర్రాయన డైవింగ్ నేర్పేవాడు. ఒకసారి మా సమయం అయిపోయాక బట్టలు మార్చుకుని వస్తుంటే, వీపున సిలిండర్లతో నలుగురు లోతు వైపు అడుగున మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఆపా అంచున నిలబడిపోయింది.

"చెల్లే, వాళ్లు ఎంతసేపటి నుంచి కింద్నే ఉన్నరు?"

"నేనేం చూస్తున్ననా ఆపా. పోదాం పా, బస్సు పోతది."

"నువ్వు పో. నేను జెర చూసి వస్త."

ఎందుకంత పట్టుదలో తర్వాత చెప్పింది. ఆమె పుట్టిల్లు బన్సీలాల్‌పేట్‌లో, మెట్లబావికి దగ్గర. చిన్నప్పుడు ఆమె చూసింది బావిని కాదు, చెత్తకుప్పను. దాని కింద నీళ్లున్నాయని వాళ్లమ్మ చెబితే నమ్మలేదట. ఇన్నేళ్లకు బావి బాగుచేశారని విని కోడలితో చూడబోయింది. మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే ఆకుపచ్చగా నిజంగానే నీళ్లు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే తను మాత్రం, ఇంకా కింద ఏముందో అనుకుంటూ నిలబడిందట.

"బావిల దూకనిస్తరా, నువ్వే చెప్పు. సముద్రమైతే ఎవరడ్డం?"

ఆమె భర్త నెమ్మదస్తుడు. డాక్టరు సరేనంటే సరే అన్నాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి సరేనన్నాడు. మా ఇంట్లో మాత్రం పది రోజులు నవ్వులే నవ్వులు. అయినా ఇద్దరం నేర్చుకున్నాం, పుదుచ్చేరి పోయి పగటి పూట డైవ్‌లు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. ఒళ్లంతా కప్పే డ్రెస్సు, తలకు టోపీ, కళ్లకు అద్దాలు. "నాకింతకన్న పర్దా ఏం కావాలె" అని పడవలో ఆపా అంటే పడవవాళ్లు కూడా నవ్వారు.

ఆ చలికాలం విశాఖలో పొద్దుగూకే వేళ డైవ్ చేయిస్తానన్నాడు సార్. నేర్పే కుర్రాయనను మేమిద్దరం సార్ అనేవాళ్లం. వయసుకు మా కొడుకులాంటివాడే.

"మేడమ్, చీకట్ల దిగితే ఒక్కొక్కరి దగ్గర రెండు లైట్లుండాలె. చేతిల పట్టుకునే పెద్దది నేనిస్త. రెండోది చిన్నది, బ్యాకప్. పెద్దది ఆరిపోతే దాంతోని పైకొస్తరు. అది మాత్రం మీరే కొనుక్కోండి. మీ చేతికి అలవాటు కావాలె."

ఆపాకు పెళ్లిళ్ల సీజను, ఊపిరి సలపని పని. నేనొక్కదాన్నే మారేడ్‌పల్లిలో డైవింగ్ సామాను అమ్మే చోటికి పోయాను. దుకాణమంటే బోర్డు కూడా లేని మొదటి అంతస్తు ఫ్లాటు. నాకు తెలియక, అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఏది ఇస్తుందో అది చూపించమన్నాను. ఆ అమ్మే ఆయన తల అడ్డంగా ఊపాడు. బ్యాకప్ లైటుతో చేపలను చూడక్కర్లేదు, దిగే తాడు కనబడితే చాలు, మీ తోడు మనిషికి మీరు కనబడితే చాలు అన్నాడు. నీళ్లలో తొడుక్కునే గాలి జాకెట్టు మీద కొక్కేనికి వేలాడేంత చిన్నగా ఉండాలి. రెండు మూడు రకాల వెలుగులూ మినుకుమినుకులూ ఉన్నది వద్దు, కంగారులో ఏది నొక్కామో తెలియదు. వెలుగు సన్నగా, సూటిగా పడితే మురికి నీళ్లలో దూరం పోతుంది. సెల్లు డైవ్ అయిపోయాక కూడా ఇంకా మిగిలి ఉండాలి. ఇవన్నీ చెప్పి బొటనవేలంత లావున్న ఒక టార్చ్ చేతిలో పెట్టాడు. దీనికి బటన్ లేదు. తల పట్టుకుని తిప్పితే వెలుగుతుంది, వెనక్కి తిప్పితే ఆరుతుంది. బటన్ లేదు గనక అక్కడ నీళ్లు కారే బాధ లేదు, సంచిలో ఒత్తుకుని దానంతట అదే వెలిగి సెల్లు అయిపోయే బాధా లేదు.

నాకు నచ్చింది. ఒకేలాంటివి రెండు తీసుకున్నాను. ఆపాకు నల్ల దారం కట్టింది, నాకు ఎర్ర దారం కట్టింది.

తర్వాతి ఆదివారం సాయంత్రం పూల్‌లో ప్రాక్టీసు. చీకటి పడగానే పూల్ లైట్లు ఆర్పించి మమ్మల్ని అడుగుకు తీసుకుపోయాడు సార్. ముగ్గురం గుండ్రంగా మోకాళ్ల మీద కూర్చున్నాం. సార్ సైగ చేయగానే పెద్ద లైట్లు ఆర్పాలి, ఛాతీ మీది చిన్నది తీసి వెలిగించాలి. నాది వెలిగింది. ఆపాది వెలగలేదు.

నా లైటు ఆమె చేతుల మీద వేశాను. ముందు కుడిచేత్తో తిప్పబోయింది. తర్వాత ఎడమచేత్తో. టార్చ్‌ను మోకాళ్ల మధ్య ఇరికించి రెండు చేతులతో పట్టుకుంది. వేళ్లు జారుతున్నాయి. అద్దాల వెనక ఆమె కళ్లు చూశాను. నొప్పికి కళ్లు మూసుకునే మనుషులను నేను రోజూ చూస్తాను. చెయ్యి అలా పెట్టమ్మా, కదలకు అంటే మూసుకుంటారు. ఆపా కళ్లూ అలాగే మూసుకుపోయి ఉన్నాయి. చివరికి అరచెయ్యి అడ్డంగా ఊపి, బాగాలేదు అని సైగ చేసింది. పైకొచ్చాం.

"దీని తల కాడి రబ్బరు రింగు గట్టిగున్నది సార్" అంది.

సార్ దాన్ని తీసుకుని తిప్పాడు. తేలిగ్గా వెలిగింది. మళ్లీ ఒకసారి చూద్దాం మేడమ్ అన్నాడు. ఆపా, వద్దు, ఈరోజు చలిగున్నది అంది. బట్టలు మార్చుకునే గదిలో తల తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"విశాఖకు నువ్వు పో చెల్లే. నాకు ఆర్డర్లున్నయి. నాకు కుదరదు."

నెలల ముందు నుంచీ ఆ వారం ఆర్డర్లేవీ ఒప్పుకోకుండా ఖాళీ పెట్టుకుందని నాకు తెలుసు.

మరునాడు డ్యూటీ దిగి నేరుగా ఆమె దుకాణానికి పోయాను. ఇద్దరు ఆడపిల్లలు మిషన్ల మీద ఉన్నారు. ఆపా బల్ల దగ్గర పట్టు గుడ్డ కత్తిరిస్తోంది. పెద్ద ఇనుప కత్తెర గోడకు వేలాడుతోంది. చేతిలో ఉన్నది కరెంటు కత్తెర. చాయ్ తెప్పించింది. బిస్కెట్ల డబ్బా నా ముందుకు తోసి, నువ్వే తియ్యి అంది. ఆ మాట ఆమె దగ్గర ఎన్నోసార్లు విన్నాను. మూతలన్నీ నేనో, కోడలో, మిషన్ మీది పిల్లలో తీసేవాళ్లం. మర్యాద అనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఆపా, చెయ్యి చూపించు."

"ఏమున్నది చూడనీకి."

"చూపించు."

మిషన్ల వైపు ఒకసారి చూసి, బల్ల కింద నుంచి చెయ్యి చాపింది. బొటనవేలు మణికట్టులో కలిసే చోట ఎముక పైకి తేలి, చదరంగా ఉబ్బి ఉంది. అలాంటి చేతులను పలకల మీద పెట్టించి ఎన్ని ఎక్స్‌రేలు తీశానో. అక్కడ రెండు ఎముకల మధ్య ఉండాల్సిన నల్లటి సందు కనిపించదు. అరిగిపోయి ఎముకకు ఎముక తగులుతుంది. అలాంటి చేత్తో నొక్కొచ్చు, పట్టుకోవచ్చు, సూదిలో దారం కూడా ఎక్కించొచ్చు. మూత తిప్పడం మాత్రం నరకం.

"ఎన్నాళ్ల నుంచి?"

"చానా దినాలాయె." గొంతు తగ్గించింది. "గట్టిగ మాట్లాడకు. కుట్టేదాని చెయ్యి పోయిందంటే ఇంకెవరొస్తరు చెల్లే నా దుకాణానికి? ఇంట్ల సుత చెప్పలె. చెప్తే బంద్ చెయ్యమంటరు. సార్‌కు తెలిస్తే అదీ బంద్."

"అందుకే పోనంటున్నవా?"

"నీళ్లల్ల నా తోని నీకు తక్లీఫ్ కావద్దు. లైటు వెలిగించుకోరాని మనిషిని పక్కన పెట్టుకుని చీకట్ల దిగుతవా? నేనైతే దిగను."

ఆమె అన్నది సరైనదే. చాయ్ తాగి, రేపు ఆసుపత్రికి రా అన్నాను. రానంది. నేను లేచేదాకా రానంటూనే ఉంది. మరునాడు మధ్యాహ్నం వచ్చి మా గది ముందు బెంచీ మీద కూర్చుంది. భర్త కూడా పక్కనే ఉన్నాడు. రాత్రి ఆయనకు చెప్పేసిందట. ఆయనకు ఎప్పటి నుంచో తెలుసట. "పచ్చడి జాడీ మూత నేను ఊరికే వదులుగ పెడుతున్ననా?" అన్నాడు నాతో. ఆపా గోడ వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఎముకల డాక్టరు ఫిల్మ్ చూసి, పట్టీ రాశాడు, వ్యాయామం చెప్పాడు, ఇనుప కత్తెర ముట్టుకోవద్దన్నాడు. డైవింగ్ గురించి అడిగితే, సామాను సంభాళించుకోగలిగితే నాకేం అభ్యంతరం లేదన్నాడు. ఇక సార్‌కు చెప్పడమొక్కటే మిగిలింది. ఆపా నన్ను పక్కన నిలబెట్టుకుని తనే చెప్పింది. చెబుతున్నంతసేపూ చెయ్యి దుపట్టా కింద దాచుకుంది.

సార్ అంతా విన్నాడు.

"మొన్ననే చెప్పొద్దా మేడమ్. నేను వేరే అనుకున్న. భయపడ్డరేమో అనుకున్న."

"భయం గాదు బాబూ. సిగ్గు."

ఆమె ఆయనను బాబూ అన్నందుకో ఏమో, ఆ తర్వాత ఎప్పుడూ మేడమ్ అనలేదు, అమ్మా అన్నాడు. ఆ సాయంత్రమే పూల్‌లోకి దింపి ఒక్కొక్కటీ చేయించి చూశాడు. జాకెట్టులో గాలి నింపడానికి నొక్కాలి, వదలడానికీ నొక్కాలి. నడుం పట్టా లాగాలి. అద్దాల్లో నీళ్లు పోతే ముక్కుతో ఊదాలి. అన్నీ చేసింది. సిలిండర్ మూత ఒక్కటే తిప్పేది, అది పడవ మీద ఎవరైనా తిప్పుతారు. "నీళ్లల్ల మీరు తిప్పాల్సింది ఒక్క లైటే అమ్మా. లైటు మారుద్దాం" అన్నాడు.

ఈసారి ముగ్గురం పోయాం ఆ ఫ్లాటుకు. నేను తిరిగిచ్చేద్దామని రెండు టార్చ్‌లూ పట్టుకుపోయాను. అమ్మే ఆయన ఒక్కటే వెనక్కి తీసుకున్నాడు, నాకు బాగానే పని చేస్తున్నప్పుడు నాదెందుకన్నాడు. తర్వాత బాత్రూంలోంచి బకెట్టు నిండా నీళ్లు తెచ్చి హాలు మధ్యలో పెట్టాడు. ఆపా డైవింగ్ గ్లవుజులు తొడుక్కుని, స్టూలు మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా ముంచింది. అక్కడున్నవన్నీ ఒకటొకటిగా ఆమెకు అందించాం.

బటన్‌వి తేలిగ్గానే వెలిగాయి. అయితే ఒకటి మరీ తేలిక, పట్టుకుంటేనే వెలిగిపోతోంది. దారిలో సంచిలో వెలిగి, దిగేసరికి అయిపోతుందని సార్ పక్కన పెట్టాడు. ఇంకొకదానికి తాళం ఉంది, రెండుసార్లు టకటకా నొక్కి మూడోసారి నొక్కిపట్టాలి. ఆపా నాలుగుసార్లు ప్రయత్నించి, "ఇది నాతోని ఆడుకుంటున్నది" అంది. తోకవైపు బటన్ ఉన్నది బొటనవేలితో నొక్కాల్సి వచ్చింది, మొహం చిట్లించింది, అదీ పోయింది. చివరికి పక్కన అడ్డంగా జరిపే మీట ఉన్నది వచ్చింది. చూపుడువేలితో ముందుకు తోస్తే వెలుగు, వెనక్కి లాగితే చీకటి. లోపల అయస్కాంతంతో పనిచేస్తుంది గనక నీళ్లు పోయే దారి లేదన్నాడు అమ్మే ఆయన. ఇసుక పడితే మీట బిగుస్తుంది, డైవ్ అయ్యాక మంచినీళ్లలో కడిగి మీట ఆడించమన్నాడు.

ఆపా దాన్ని కుడిచేత్తో వెలిగించింది. ఎడమచేత్తో వెలిగించింది. కళ్లు మూసుకుని వెలిగించింది. అరచేతి అంచుతో కూడా తోసి చూసింది. బకెట్టు అడుగున గుండ్రంగా వెలుగు పడుతూ పోతూ ఉంది. మేం ముగ్గురం బకెట్టు మీదికి వంగి చూస్తున్నాం.

"ఇది ఇయ్యండి" అంది.

దానికి కట్టుకునే తాడును ఇంటికి పోయి తనే కుట్టుకుంది, నల్లటి నాడా, కుట్టు మీద కుట్టు.

విశాఖలో ఆ సాయంత్రం సముద్రం ప్రశాంతంగానే ఉంది కానీ నీళ్లు పచ్చగా, మబ్బుగా ఉన్నాయి. సూర్యుడు కొండ వెనక దిగాక తాడు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరం కిందికి దిగాం. సార్ ముందు, నేను మధ్యలో, ఆపా వెనక. నాకు చీకటి కొత్త కాదనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫిల్ములు చీకటిగదిలోనే కడిగేవాళ్లం, చిన్న ఎర్రబుడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. గంటల తరబడి హాయిగా పని చేశాను. ఆ ధైర్యంతోనే దిగాను.

అడుగు చేరి, రాళ్ల వెంట కొంచెం దూరం పోయామో లేదో, నా చేతిలో పెద్ద లైటు ఒకసారి వణికి ఆరిపోయింది.

చీకటిగదిలో గోడ ఎక్కడుందో తెలుసు. ఇక్కడ పైన ఏదో కింద ఏదో తెలియలేదు. నా ఊపిరి బుడగల చప్పుడు చెవుల్లో నిండిపోయింది. ఛాతీ మీద చిన్న టార్చ్ కోసం తడిమాను. అది పట్టా కిందికి జారి చంకలోకి పోయింది. దొరికాక, తిప్పడానికి రెండో చెయ్యి కావాలి. ఆ చేత్తో నేను ఒక రాయిని పట్టుకుని ఉన్నాను, ఆ రాయిని వదలడానికి మనసు ఒప్పుకోలేదు. ఇంత చిన్న పని, ఎందుకు చేయలేకపోయానో ఇప్పటికీ చెప్పలేను.

పక్క నుంచి ఒక వెలుగు వచ్చి నా చేతి మీద పడింది. ఆపా. తన పెద్ద లైటును మణికట్టుకు తగిలించుకుని, నా కళ్లలో పడకుండా కిందికి తిప్పి పట్టుకుంది. ఇంకో చెయ్యి ఛాతీ మీదికి పోయింది. మీట తోయడం నేను చూశాను. చిన్న లైటు వెలిగించి, నా పిడికిలి విప్పి, అందులో పెట్టి, తన చెయ్యి పైన మూసింది. నాడాను నా మణికట్టుకు తొడిగింది. ఆ తర్వాత తన లైటుతో ఇసుక మీద నెమ్మదిగా ఒక సున్నా గీసింది. బాగున్నావా అని అడగడానికి అది సైగ. నేను జవాబివ్వలేదు. మళ్లీ గీసింది, ఇంకా నెమ్మదిగా. మూడోసారికి నేను కూడా గీశాను.

సార్ వెనక్కి తిరిగి వచ్చి, ఇక పైకి పోదామని బొటనవేలు పైకి చూపాడు. ఒక లైటు పోతే డైవ్ అయిపోయినట్టే, అది నియమం. మెల్లగా పైకొచ్చాం. ఆపా దారిపొడవునా నా మోచెయ్యి వదలలేదు.

పడవలో సార్ నా పెద్ద లైటు విప్పితే లోపల నీళ్లున్నాయి. నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు మీద ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. నేను తప్పు నాదేమోనన్నట్టు చూస్తే, ముందే చూసుకోవాల్సింది నేను, తప్పు నాది అన్నాడాయన. నాకు చలితో పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆపా టవలు కప్పింది.

"నీ డైవ్ పాడు చేసిన ఆపా. ఎన్ని దినాలు ఎదురు చూసినవు."

"సముద్రం ఎక్కడికన్న పోతదా?" ప్లాస్కు మూత నా వైపు పెట్టింది, నేను తిప్పాను, చాయ్ తనే పోసింది. "జెర తాగు. భయపడ్డవు గదా?"

"పడ్డ."

"నేను సుత పడ్డ. నీ లైటు పోంగనే నా గుండె ఆగింది. నీ చెయ్యి కనబడ్డంక తగ్గింది."

ఆ రాత్రి గదిలో నాకు మంచి నిద్ర పట్టలేదు. పొద్దున, నేను ఇక దిగనని చెప్పడానికి మాటలు కూర్చుకుంటుంటే, ఆపా నా ఎదురుగా కూర్చుని పట్టీ కట్టుకుంటూ, "నువ్వు దిగకుంటే నేను పడవల కూసుంట, ఇద్దరం ముచ్చట పెడదాం, పరేషాన్ గాకు" అంది. నిజంగానే అంది, నన్ను ఒప్పించడానికి కాదు. అది విన్నాక నేను దిగుతా అన్నాను. సార్ తన దగ్గరున్న మీట లైటు నాకిచ్చి, కళ్లు మూసుకుని వెలిగించమని పదిసార్లు చేయించాడు.

ఆ సాయంత్రం ఎవరి లైటూ ఆరలేదు. ఒక రాతి కింద కటిల్‌ఫిష్ కనబడింది. మెత్తటి ఒళ్లు, ముఖం ముందు పొట్టి పొట్టి చేతులు, ఒంటి చుట్టూ లంగా అంచుకు కుట్టిన కుచ్చులా అల్లాడే సన్నని అంచు. ఆపా వెలుగు దాని మీద పడగానే మట్టిరంగు పోయి ఒళ్లంతా చారలు పరుగెత్తాయి. వెలుగు పక్కకు తిప్పితే మళ్లీ మట్టిరంగు. ఆపా ఊపిరి తప్ప అన్నీ మరిచి దాని ముందు అలాగే తేలుతూ ఉండిపోయింది. సార్ లైటు ఊపి రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

తిరుగు రైల్లో కింది బెర్తుల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె ఫోన్‌లో తన దుకాణంలోని దారాల ఫోటోలు తెరిచి ఒకటొకటిగా చూస్తోంది.

"ఆ చారలు ఏం రంగు చెల్లే? జామపండు లోపలి రంగా?"

"నాకు ఊదా లెక్క కనబడ్డది ఆపా."

"ఊదా గాదు." ఇంకో ఫోటో తిప్పింది. "ఇది సుత గాదు. రాంగోపాల్‌పేట్ దారాల దుకాణంల అడుగుత. ఉంటే మొన్న కొలతలిచ్చిన ముషీరాబాద్ పెళ్లిపిల్ల జాకెట్టుకు వేస్త, అంచుకు కుచ్చు పెట్టి."

అనపర్తి దాటేదాకా వెతికింది. దొరకలేదు. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి, సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, మూత నా వైపు తిప్పి, నా ఒళ్లో పెట్టింది.